నాణెం మీద ‘స్వేచ్ఛ’: రోమ్ ఏలుబడిలోని నగరాలు చెప్పుకున్న హక్కును చదవడం ఎలా?

థెస్సలొనీక నగరం క్రీ.పూ. 42 తర్వాత ఒక కంచు నాణెం వేసింది. దాని ఒక వైపు స్త్రీమూర్తి, చుట్టూ గ్రీకులో ‘థెస్సలొనీకుల స్వేచ్ఛ’ అన్న అక్షరాలు. తిప్పి చూస్తే రెక్కల విజయదేవత, ఆమెతో పాటు పొడి అక్షరాల్లో రెండు పేర్లు: ఒకటి మార్క్ ఆంటొనీది, రెండోది తర్వాతి రోజుల్లో అగస్టస్ చక్రవర్తి అయిన ఆక్టేవియన్‌ది. ఇద్దరూ రోమన్ సేనాపతులే. జూలియస్ సీజర్‌ను చంపినవాళ్ళను ఫిలిప్పీ యుద్ధంలో ఓడించింది వీళ్ళే. గెలిస్తే థెస్సలొనీకను కొల్లగొట్టుకోవచ్చని అవతలి పక్షపు బ్రూటస్ తన సైనికులకు మాట ఇచ్చి ఉన్నాడు. అతను ఓడిపోయాడు, నగరం బతికి బట్టకట్టింది. గెలిచినవాళ్ళు దానికి ‘స్వేచ్ఛా నగరం’ హోదా ఇచ్చారు.

ఇలాంటి నాణేల గురించి తరచూ వినిపించే పొరపాటు మాట ఒకటుంది: ఇవి రోమ్ మీద తిరుగుబాటుకు గుర్తులని. థెస్సలొనీక నాణెమే ఆ మాటను కొట్టిపారేస్తుంది. స్వేచ్ఛ పొందినవాళ్ళ పేరు, దాన్ని ఇచ్చినవాళ్ళ పేరు ఒకే లోహపు బిళ్ళ మీద ఉన్నాయి. రోమ్ ఏలుబడిలోని నగరం ‘మేం స్వతంత్రులం’ అని నాణెం వేసిందంటే అది దాదాపు ఎప్పుడూ రోమ్ మంజూరు చేసిన హక్కే. అందుకే దాన్ని నినాదంలా కాకుండా దస్తావేజులా చదవాలి. ఎవరు ఇచ్చారు, ఏయే షరతులతో ఇచ్చారు, ఎప్పటిదాకా చెల్లింది అన్నవి చూడాలి.

ముందు ఈ నాణేలేమిటో రెండు మాటలు. సామ్రాజ్యమంతటా చెల్లే బంగారు, వెండి నాణేలు రోమ్ ప్రభుత్వానివి. గ్రీకు మాట్లాడే తూర్పు ప్రాంతాల్లో రోజువారీ చిల్లర మాత్రం చాలావరకు స్థానిక నగరాలే కంచులో వేసుకునేవి. అలా నాణేలు వేసిన నగరాలు అయిదు వందలకు పైనే ఉన్నాయి. క్రీ.శ. మూడో శతాబ్దం చివరికి ఈ పద్ధతి ఆగిపోయింది. వీటినే నాణేల పరిశోధకులు ‘ప్రొవిన్షియల్’ నాణేలంటారు. ఇవి సాధారణంగా ఆ నగరంలో, చుట్టుపక్కల ఊళ్ళలో తిరిగేవి, అంతకు మించి దూరం పోయేవి కావు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికినట్టు మన నేలలో బయటపడ్డ రోమన్ నిధులు ప్రధానంగా దూరదేశపు వ్యాపారంలో చెల్లిన వెండి దీనారాలు, బంగారు నాణేలు అవడానికి కారణం ఇదే. ఇంకో సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. కంచు నాణెం మీద నగరం చెప్పుకున్న గొప్ప చక్రవర్తి కోసం కాదు. అది సొంత పౌరుల కోసం, ముఖ్యంగా పక్క ఊరివాళ్ళు చూడాలని.

స్వేచ్ఛ అంటే చేతికి ఏం వచ్చేది?

నాణెం మీద ఒక్క మాటే ఉంటుంది. దాని వెనుక హక్కుల మూట ఉండేది, ఏ నగరానికి ఏ మూట అన్నది వేరువేరుగా తేలేది. దీన్ని దగ్గర నుంచి చూడాలంటే టెర్మెస్సోస్ కేసు బాగా పనికొస్తుంది. నేటి తుర్కియేలో అంతల్యా దగ్గర కొండల మధ్య ఉన్న నగరమిది. క్రీ.పూ. 333లో అలెగ్జాండర్ అటు వచ్చినా దీన్ని పట్టుకోలేక ముందుకు సాగిపోయాడు. క్రీ.పూ. 70 ప్రాంతంలో రోమన్లు దీని కోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. ఆ చట్టం చెక్కిన కంచు పలక ఒకటి రోమ్‌లోనే దొరికింది.

అందులో అంశాలు చాలా నిర్దిష్టంగా ఉన్నాయి. టెర్మెస్సోస్ ప్రజలు స్వతంత్రులు, రోమన్ ప్రజలకు మిత్రులు. వాళ్ళు సొంత చట్టాలతో నడుచుకోవచ్చు. చలికాలంలో రోమన్ సైన్యాన్ని అక్కడ విడిది చేయించకూడదు. రోమ్ పాలక సభ అయిన సెనెట్ పేరు పెట్టి తీర్మానిస్తేనే దానికి మినహాయింపు. నేల మీద, నీటి మీద వచ్చే సరుకులకు నగరం సుంకం వసూలు చేసుకోవచ్చు, కానీ రోమ్ పన్నుల కాంట్రాక్టర్లు ప్రభుత్వ రాబడిగా తీసుకుపోయే సరుకుల మీద మాత్రం కాదు. అంటే స్వేచ్ఛ ఇచ్చిన కాగితంలోనే రోమ్ తన ఖజానాకు కంచె వేసుకుంది.

సైన్యం లోపలికి రాకూడదన్న షరతుకు అంత విలువ ఎందుకో మన శాసనాలు చదివినవాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. నాసిక్ గుహలో గౌతమీపుత్ర శాతకర్ణి వేయించిన దానశాసనం ఇలాంటి మినహాయింపులనే వరుసగా చెబుతుంది: రాజోద్యోగులు దానమిచ్చిన పొలంలో అడుగుపెట్టరాదు, దాన్ని ముట్టరాదు, అక్కడ ఉప్పు తవ్వరాదు. సైనికుడు ఊళ్ళోకి వచ్చాడంటే తిండి, పశువులు, బండ్లు, పడక అన్నీ ఊరే పెట్టాలి. సాతవాహనులు ఆ రక్షణను రాతి మీద రాయించారు, నాణేల మీద రాజు పేరు వేయించుకున్నారు. గ్రీకు నగరాలు మాత్రం రాతి మీద రాయించుకున్నదాన్నే చిల్లర నాణెం మీదికి కూడా ఎక్కించాయి.

ఇక్కడ చాలామంది తడబడే చోటు పన్ను. స్వేచ్ఛా నగరమంటే రోమ్‌కు కప్పం కట్టని నగరమని అనుకుంటాం. ఆ రెండూ వేరువేరు హక్కులు. కొన్ని నగరాలకు రెండూ వచ్చాయి, కొన్నింటికి ఒకటే. బైజాంటియమ్ రోమ్‌కు ఒప్పందం ఉన్న మిత్ర నగరం. అయినా క్రీ.శ. 53లో కప్పం భారమైందని సెనెట్‌కు మొర పెట్టుకుంటే, క్లాడియస్ చక్రవర్తి చొరవతో అయిదేళ్ళ మినహాయింపు దొరికింది. కాబట్టి నాణెం మీద స్వేచ్ఛ అన్న మాట చూసి ‘పన్ను లేదు’ అని రాసేయకూడదు. దానికి వేరే ఆధారం కావాలి.

రోజువారీ పాలనలో ఈ హోదా ఎలా పనిచేసేదో నల్ల సముద్రపు ఒడ్డున ఉన్న అమిసోస్ చెబుతుంది. ఈ నగరం నాణేల మీద ‘స్వేచ్ఛా నగరమైన అమిసోస్’ అని సూటిగా రాసుకుంది. ఆ ప్రాంతపు గవర్నర్‌గా ఉన్న ప్లినీకి అక్కడి పౌరుల నుంచి చందాల సంఘాల విషయంలో ఒక అర్జీ వచ్చింది. సంఘాలంటేనే ట్రేజన్ చక్రవర్తికి అనుమానం, గుంపులు కూడి గొడవలు చేస్తారని. అయినా ఆయన ఇచ్చిన జవాబు ఇది: ఒప్పందం ద్వారా వచ్చిన వాళ్ళ సొంత చట్టాలు అనుమతిస్తే మనం అడ్డుకోలేం, ఆ డబ్బు అల్లరి మూకలకు కాకుండా పేదల సాయానికి వాడితే మరీ మంచిది, మన చట్టం కింద ఉన్న మిగతా ఊళ్ళలో మాత్రం నిషేధం. నాణెం మీద మాట ఉత్త అలంకారం కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి రుజువు నాకు కనిపించదు. చక్రవర్తికి ఇష్టం లేని పనిని కూడా ఆ హోదా కాపాడింది.

అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం చదివినవాళ్ళకు థెస్సలొనీకలో పౌలు మీద వచ్చిన గొడవ గుర్తుండే ఉంటుంది. అల్లరి మూక యాసోనును నగర అధికారుల ముందుకు ఈడ్చుకుపోయింది, వాళ్ళు జామీను తీసుకొని వదిలేశారు. ఆ అధికారుల హోదాకు గ్రీకు మూలంలో ఉన్న పేరు శిలాశాసనాల్లోనూ కనిపిస్తుంది. మాసిదోనియ గవర్నరు ఉండేది ఆ నగరంలోనే. అయినా వ్యవహారం ఆయన దాకా పోకుండా నగరం చేతిలోనే తెమిలిపోయింది. ఫిర్యాదులో అందరినీ కలవరపెట్టిన అంశం మాత్రం ‘కైసరు ఆజ్ఞలకు విరోధం’ అన్నది. స్వేచ్ఛా నగరపు అధికారులు సైతం ఆ మాట వినగానే ఎందుకు ఉలిక్కిపడ్డారో తర్వాతి భాగం చూస్తే తెలుస్తుంది.

ఇచ్చిన చెయ్యే వెనక్కి తీసుకునేది

రోడ్స్ ద్వీపంలో రోమన్ పౌరులను శిలువ వేశారన్న కారణంతో క్రీ.శ. 44లో క్లాడియస్ దాని స్వేచ్ఛ రద్దు చేశాడు. 53లో తిరిగి ఇచ్చాడు. ఆ తర్వాత చక్రవర్తి అయిన వెస్పాసియన్ మళ్ళీ లాగేసుకున్నాడు. నేటి తుర్కియేలోని సిజికస్ నగరం కథ అంతకంటే వేగంగా నడిచింది. రోమన్లను కొరడాలతో కొట్టి చంపారని క్రీ.పూ. 20లో పోయింది, అయిదేళ్ళకు తిరిగి వచ్చింది, టైబీరియస్ చక్రవర్తి కాలంలో క్రీ.శ. 25లో మళ్ళీ పోయింది. సామోస్ ప్రజలు స్వేచ్ఛ అడిగినప్పుడు అగస్టస్ మొదట ఒప్పుకోలేదు. యుద్ధంలో తన పక్షాన నిలబడి నష్టపోయిన, నేటి తుర్కియేలోని అఫ్రొడీసియాస్‌కు తప్ప ఇంకెవరికీ ఇవ్వలేదని, తగిన కారణం లేకుండా ఇంత పెద్ద హక్కు పంచిపెట్టడం సరికాదని జవాబు రాశాడు. తర్వాత సామోస్‌కు కూడా ఇచ్చాడు, దాన్నీ వెస్పాసియనే రద్దు చేశాడు.

అన్నిటికంటే పెద్ద ప్రకటన నీరోది. కొరింథు దగ్గర ఇస్త్మియా క్రీడల చోట, క్రీ.శ. 66 లేదా 67 నవంబరు 28న, గ్రీసు మొత్తానికీ స్వేచ్ఛనూ కప్పం మినహాయింపునూ తానే ప్రకటించాడు. క్రీ.పూ. 196లో ఫ్లామినినస్ అనే రోమన్ సేనాపతి గ్రీకుల స్వేచ్ఛ ప్రకటించింది కూడా అక్కడే, ఆ క్రీడల్లోనే. నీరో ప్రసంగం, దానికి గ్రీకులు తెలిపిన కృతజ్ఞత అక్రైఫియా అనే చిన్న ఊరి శాసనంలో మిగిలాయి. పత్రాస్ నగరం ‘విమోచకుడైన జూపిటర్’ అన్న లాటిన్ మాటలతో నాణెం వేసింది. కొన్నేళ్ళు తిరగకముందే వెస్పాసియన్ దాన్నంతా రద్దు చేసి పన్నూ గవర్నర్‌నూ మళ్ళీ తెచ్చిపెట్టాడు. గ్రీకులు స్వేచ్ఛగా ఉండటం మర్చిపోయారని అన్నాడట. కాబట్టి ఆ రోజుల నాణెం మీద ఉన్న సంబరాన్ని చూసి, దాన్ని స్థిరమైన హోదాగా లెక్కేయకూడదు.

హక్కు కాగితం మీద ఉన్నా, దాన్ని ఏటేటా కాపాడుకోవాల్సి వచ్చేది. అఫ్రొడీసియాస్ థియేటర్ గోడ నిండా ఆ నగరం చెక్కించుకున్న సెనెట్ తీర్మానం, చక్రవర్తుల ఉత్తరాలు ఇందుకు సాక్ష్యం. వాటిలో హేడ్రియన్ క్రీ.శ. 119లో రాసిన ఉత్తరం నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. తగాదా ఇనుప మేకుల మీద పన్ను గురించి. పన్ను వసూలుదార్లు వచ్చి అడిగారు, నగరం చక్రవర్తి దగ్గరికి దూతలను పంపింది. వసూలుకు ప్రయత్నించడం ఇదే మొదటిసారి కాదు కాబట్టి విషయం వివాదాస్పదమేనని హేడ్రియన్ ఒప్పుకుంటూనే, ఈ నగరం రాష్ట్రపు జాబితా నుంచి తొలగించినదని చెప్పి పన్ను మాఫీ చేశాడు, తన అధికారికి కూడా ఆ మేరకు రాశాడు. అప్పటికి సెనెట్ హక్కు ఇచ్చి నూట యాభై ఏళ్ళు దాటింది. అయినా మేకుల మీద పన్ను ఆపడానికి చక్రవర్తి దాకా పోవాల్సి వచ్చింది. నగరాలు తమ హోదాను రాతి మీదా నాణెం మీదా పదేపదే ఎందుకు చెప్పుకున్నాయో ఇలాంటి తగాదాలే చెబుతాయి. చెప్పుకోని హక్కు చెల్లదు మరి.

నాణెం మీద అక్షరాలు

కనిపించే బిరుదులు ప్రధానంగా నాలుగు. ‘ఎలూథెరా’ అంటే స్వేచ్ఛా నగరం. ‘ఆటోనొమోస్’ అంటే సొంత చట్టాలున్నది. ‘హియెరా’ అంటే పవిత్రమైనది. ‘అసిలోస్’ అంటే శరణాలయం, అక్కడ తలదాచుకున్నవాళ్ళను పట్టుకుపోకూడదు. చివరి రెండూ దేవాలయానికి సంబంధించిన హక్కులు, రాజకీయ స్వేచ్ఛతో వాటికి నేరుగా పొత్తు లేదు. అయినా నాలుగూ కలిసిపోయి వస్తాయి. సిరియా తీరంలోని సెల్యూకియా వెండి నాణేల మీద ‘పవిత్రమూ స్వపరిపాలితమూ అయిన’ అని ఉంటుంది. ఆ హక్కు రోమన్లు రాకముందే, క్రీ.పూ. 109లో సెల్యూకస్ వంశపు రాజు ఇచ్చినది. రోమ్ ఈ పద్ధతిని కొత్తగా కనిపెట్టలేదు, గ్రీకు రాజుల నుంచి అందుకుంది.

గదరా, అబీలా లాంటి యొర్దాను ప్రాంతపు నగరాల నాణేల మీద చోటు చాలక ఐయోటా, ఆల్ఫా, ఆల్ఫా అని మూడు అక్షరాలే వేశారు. అవి పవిత్రం, శరణాలయం, స్వపరిపాలితం అన్న మూడు మాటలకు పొడి రూపాలు. చూడగానే నగరం పేరులో భాగమనిపించి చాలామంది దాటిపోతారు.

ఇక తేదీ. అమిసోస్‌లో హేడ్రియన్ కాలపు వెండి నాణెం తీసుకుందాం. ముందు చక్రవర్తి తల. వెనుక అంచు చుట్టూ ‘స్వేచ్ఛా అమిసోస్’, తర్వాత ‘సంవత్సరం’ అన్న మాట, ఆ పైన రో, క్సై, గామా అనే మూడు అక్షరాలు. గ్రీకులు అక్షరాలనే అంకెలుగా వాడేవారు: రో 100, క్సై 60, గామా 3, మొత్తం 163. ఏ ఏడు నుంచి లెక్క? ఆక్టేవియన్ ఆంటొనీని ఓడించిన ఆక్టియమ్ యుద్ధంతో ముడిపడిన క్రీ.పూ. 32/31 అమిసోస్‌కు మొదటి ఏడు, నగరానికి అగస్టస్ స్వేచ్ఛను తిరిగి ఇచ్చిన సందర్భమది. ఆ లెక్కన 163వ ఏడు క్రీ.శ. 131/132. బిరుదు, తేదీ రెండూ ఒకే సంఘటన నుంచి పుట్టాయన్నమాట.

శకం మాత్రం నగరానికొకటి. గదరా చుట్టుపక్కల లెక్క రోమన్ సేనాపతి పాంపే వచ్చిన క్రీ.పూ. 64/63 నుంచి. తూరులో 126/125 నుంచి, సీదోనులో 111 నుంచి. నగరం తేల్చకుండా అంకె చదివితే వందేళ్ళు అటూఇటూ పోతుంది. ఇంకో చిక్కు: స్వేచ్ఛతో మొదలైన శకం స్వేచ్ఛ పోయాక కూడా ఆగదు. తూరు, సీదోను ప్రజల అంతఃకలహాలు చూసి అగస్టస్ క్రీ.పూ. 20లో వాళ్ళ స్వేచ్ఛ తీసేశాడు. అయినా సుమారు 14 గ్రాముల తూరు వెండి షెకెళ్ళు ‘పవిత్రమూ శరణాలయమూ అయిన’ అన్న పాత బిరుదుతో, అదే శకపు తేదీలతో క్రీ.శ. 60లలో కూడా వస్తూనే ఉన్నాయి. నాణెం మీద అలవాటుగా మిగిలిన మాటకూ, ఆ ఏట చెల్లుతున్న హక్కుకూ తేడా పట్టాలంటే నాణెం ఒక్కటే చాలదు.

చక్రవర్తి బొమ్మ లేకపోతే స్వతంత్రమేనా?

కాదు. ఏథెన్స్, కియోస్, టెర్మెస్సోస్ చక్రవర్తి తల లేకుండా నాణేలు వేసిన మాట నిజమే. టెర్మెస్సోస్ ఆ బిళ్ళల మీద ‘స్వపరిపాలితులు’ అని కూడా రాసుకుంది. కానీ స్వేచ్ఛా నగరమైన అఫ్రొడీసియాస్, అమిసోస్ చక్రవర్తుల తలలు వేశాయి. మరోవైపు, ఏ ప్రత్యేక హోదా లేని చిన్న ఊళ్ళు కూడా చక్రవర్తి స్థానంలో ‘పవిత్ర సెనెట్’, ‘ప్రజ’, ‘సభ’ అని మనిషి రూపాలు వేశాయి. అవి ఎక్కువగా చిన్న విలువ నాణేలు, పెద్దవాటి నుంచి వేరుగా గుర్తుపట్టడానికి బొమ్మ మార్చారు. పాత కేటలాగుల్లో ఇలాంటివాటికి ‘అటానమస్’ అని లేబుల్ ఉంటుంది. అది కేటలాగు రాసినవాళ్ళ మాట, నగరం మాట కాదు. నాణెం మీద ఆ బిరుదు చెక్కి ఉందా లేదా అన్నదే చూడాలి.

నిజంగా రోమ్‌ను ధిక్కరించిన స్వేచ్ఛా నాణేలూ ఉన్నాయి. యూదుల తిరుగుబాటు రెండో, మూడో ఏళ్ళలో, అంటే క్రీ.శ. 67 నుంచి 69 మధ్య, యెరూషలేములో వేసిన చిన్న కంచు నాణేల మీద హీబ్రూలో ‘సీయోను స్వేచ్ఛ’ అని ఉంటుంది. ఒకవైపు రెండు పిడుల కూజా, మరోవైపు ద్రాక్షాకు. ఏళ్ళ లెక్క తిరుగుబాటు నుంచి. గ్రీకు లేదు, చక్రవర్తి లేడు, ఇచ్చినవాడి పేరు లేదు. నీరో గ్రీసుకు స్వేచ్ఛ పంచుతున్న రోజులు కూడా దాదాపు ఇవే. రెండు నాణేలనూ ఒక గాటన కట్టడం రెండు చోట్లా జరిగినదాన్ని చెరిపేయడమే.

చేతిలో నాణెం ఉంటే

ముందు నాణెం బరువు, అడ్డుకొలత రాసుకోండి. తర్వాత పది రెట్ల భూతద్దం కింద పెట్టి, దీపాన్ని పక్క నుంచి బాగా వాలుగా ఉంచండి. నాణేన్ని కొద్దికొద్దిగా తిప్పుతుంటే అరిగిన అక్షరాల నీడలు తేలతాయి. పైనుంచి వెలుతురు పడితే ఏమీ కనబడదు. బూజో పాచో తీయాలని నిమ్మరసం, చింతపండు వాడకండి. ఆమ్లం తాకితే పైపొర పోతుంది, అక్షరాలు నిలిచి ఉన్నది ఆ పొరలోనే.

నగరం పేరుతో మొదలుపెట్టండి. చివర ఒమేగా, న్యూ అక్షరాలుంటే అది ‘ఫలానా ఊరివాళ్ళది’ అన్న రూపం, దాని పక్కనే బిరుదులు వస్తాయి. సిగ్మా చాలాచోట్ల నెలవంకలా ఉంటుంది. ఎక్కువమంది పడే గుంత ఆల్ఫా, ఉప్సిలాన్, తౌ అన్న మూడక్షరాల ముక్క. చక్రవర్తి తల చుట్టూ ఉంటే అది ఆయన అధికార బిరుదు. వెనుక వైపు నగరం పేరు తర్వాత వస్తే అప్పుడు ‘స్వపరిపాలితం’ కావచ్చు. థెస్సలొనీక నాణెం మీద ఈ ముక్క వెనుక వైపే ఉన్నా, ఆంటొనీ, ఆక్టేవియన్ల పేర్ల పక్కన ఉంది కాబట్టి అది సేనాపతి బిరుదే. ఏ వైపు అన్నది ఒక్కటే సరిపోదు, ఎవరి పేరును అంటిపెట్టుకుని ఉందో చూడాలి.

బిళ్ళ అచ్చుకంటే చిన్నదైనా, దెబ్బ పక్కకు జరిగినా సగం అక్షరాలు అంచు దాటి పోతాయి. అలాంటప్పుడు ఊహించి పూరించకండి. అదే అచ్చుతో కొట్టిన మెరుగైన నాణెం కోసం ‘రోమన్ ప్రొవిన్షియల్ కాయినేజ్’ ఆన్‌లైన్ జాబితాలో నగరం, చక్రవర్తి పేర్లతో వెతకండి, అది ఉచితమే. బొమ్మ భంగిమ, అక్షరాల మధ్య ఎడం, ఏ అక్షరం ఏ అవయవానికి ఎదురుగా వచ్చిందన్నది సరిపోలితే అచ్చు ఒకటే. అప్పుడు పోయిన అక్షరాలను ధైర్యంగా చదవచ్చు.

కొనేటప్పుడు మరీ జాగ్రత్త. అరుదైన బిరుదు ఉంటే ధర పెరుగుతుంది కాబట్టి అరిగిన అక్షరాలను కొత్తగా చెక్కి అమ్మేవాళ్ళున్నారు. దేవత ముఖం నున్నగా అరిగిపోయి, బిరుదు అక్షరాలు మాత్రం పదునుగా ఉంటే అనుమానించాలి. అసలు అక్షరం చుట్టూ ఉన్న నేలకంటే ఎత్తుగా లేస్తుంది, చెక్కినవాళ్ళు దాన్ని లేపడానికి చుట్టూ నేలను తవ్వుతారు. వాలు వెలుతురులో ఆ గుంట కనిపిస్తుంది, పచ్చని పైపొర అక్కడ తెగి రంగు మారి ఉంటుంది.

చివరగా నాణెం పెట్టిన కవరు మీద చీటీలో ‘స్వేచ్ఛా నగరం’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. చదివిన అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు ఒక వరుస, మీరు పూరించినవి విడిగా ఇంకో వరుస, తేదీ ఏ శకం ప్రకారం లెక్కగట్టారన్నది, ఆ ఏట ఆ నగరపు హోదాకు నాణెం కాక వేరే శాసనమో గ్రంథమో ఆధారంగా ఉందా అన్నది రాయండి. ఆ చివరి గడి ఖాళీగా ఉంటే, అక్కడ రాయాల్సింది ‘నగరం ఇలా చెప్పుకుంది’ అని మాత్రమే.